డాబా మీద సోలార్: బేరం ఊరంతా కలిసి చేద్దాం

(తుళ్లూరులో జరిగిన రైతుల సమావేశంలో సంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య మన ఊళ్లలో పురుగుమందుల కంపెనీల వాళ్లకంటే సోలార్ ఏజెంట్లే ఎక్కువ తిరుగుతున్నారు. చేతిలో రంగుల కరపత్రం, నోట్లో "జీరో బిల్లు" అనే మాట. "సబ్సిడీ ఈ నెలాఖరుతో సరి, ఈరోజే సంతకం పెట్టండి" అంటున్నారు. పెట్టినవాళ్లున్నారు. ఒకే వీధిలో, ఒకే సైజు సెట్టుకు, ఈ ఇంటికో ధర, ఆ ఇంటికో ధర పలికిన సంగతులు సంఘం దృష్టికి వచ్చాయి. ఎంతకు కొన్నారో పక్కింటివారికి చెప్పరు. ఎక్కువ పెట్టామని తెలిస్తే నామోషీ. ఏజెంటుకు కావాల్సిందీ అదే.

ఇది మనకు కొత్త కాదు. పత్తి సాగులో ఏళ్ల తరబడి చూసిందే. విత్తనం, ఎరువు, మందు అన్నీ ఒకే కొట్లో అప్పు మీద తెచ్చుకున్నాం. అప్పు మీద తెచ్చుకునేవాడికి ధర అడిగే నోరెక్కడిది? కొట్టాయన రాసిందే లెక్క. అదే ఊళ్లో పదిమంది మిరప రైతులు కలిసి ఒకే లారీలో గుంటూరు యార్డుకు టిక్కీలు పంపితే కిరాయి తగ్గుతుందని అందరికీ తెలుసు. అమ్మేటప్పుడు తెలిసిన ఈ చిన్న లెక్క కొనేటప్పుడు ఎందుకు పక్కన పెడుతున్నాం? ఈరోజు మాట్లాడదలచుకున్నది దాని గురించే.

ముందు పథకం సంగతి సూటిగా చెప్పుకుందాం. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో 'పీఎం సూర్యఘర్' పథకం తెచ్చింది. కోటి ఇళ్లు లక్ష్యం. గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు. ఇంటి పైకప్పు మీద పెట్టుకునే సోలార్‌కు మొదటి రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ. అంటే 3 కిలోవాట్లకు 78,000. అంతకుమించి ఎంత పెద్దది పెట్టుకున్నా 78,000 దాటదు. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల వరకు పైసా ఖర్చు లేకుండా పెట్టే కార్యక్రమం ఉంది. బీసీ కుటుంబాలకు కేంద్రం ఇచ్చేదానికి తోడు రాష్ట్రం మరో 20,000 ఇస్తుంది. ఈ సబ్సిడీ వెండరు చేతికి పోదు. సెట్టు బిగించి, డిస్కం వాళ్లు తనిఖీ చేసి, నెట్ మీటరు పెట్టాక మన బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. "సబ్సిడీ మేం ఇప్పిస్తాం, దానికి ఇంతివ్వండి" అని ఎవరైనా అడిగితే వాకిట్లోంచే పంపించేయండి.

ఇప్పుడు లెక్క చూడండి. సబ్సిడీ కోసం కేంద్రం పెట్టుకున్న ప్రామాణిక ధర మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 50,000, మూడోదానికి 45,000. మొత్తం 1,45,000. సబ్సిడీ 78,000 పోతే మన వాటా 67,000. ఏజెంటు 1,90,000 చెప్పాడనుకోండి. సబ్సిడీ పెరగదు, అదే 78,000. మన వాటా 1,12,000 అవుతుంది. ధర పెరిగిన ప్రతి రూపాయీ మన జేబులోంచే పోతుంది. తగ్గించుకున్న ప్రతి రూపాయీ మన జేబులోనే మిగులుతుంది. 1,45,000 మీద పదిశాతం బేరమాడితే 14,500. వినడానికి చిన్న తగ్గింపు. కానీ మనం పెట్టే 67,000లో అది అయిదో వంతు కంటే ఎక్కువ. బ్యాంకు అప్పు సుమారు 7 శాతం వడ్డీకి, పదేళ్ల వాయిదాకు అనుకుంటే, 67,000కు నెలకు 780 దాకా కట్టాలి. 1,12,000కు 1,300 దాకా. ఇదంతా మొదటిరోజు ఒప్పుకున్న ధరను బట్టి నడిచే పదేళ్ల కథ. రాజధానికి భూములిచ్చిన 29 గ్రామాల సంగతి వేరే చెప్పాలా? మెట్టకు ఎకరాకు 30,000, జరీబుకు 50,000తో మొదలైన కౌలు ఏడాదికోసారి వచ్చేది. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా తలుపు తడుతుంది.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధరే చెప్పేవాడిని ఆ తగ్గిన పన్ను ఎక్కడికి పోయిందో అడగండి.

ఎంత సైజు పెట్టుకోవాలనే దగ్గర చాలామంది మోసపోతున్నారు. ఏజెంటు ఎవరింటికి వెళ్లినా 3 కిలోవాట్లే అంటాడు. మన బిల్లు స్లాబుల మీద నడుస్తుంది. మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ల ఖర్చు 867 రూపాయలు. స్థిర ఛార్జీ, డ్యూటీ, ఇంధన సర్దుబాటు అదనం. ఒక కిలోవాట్ సెట్టు మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 దాకా ఇస్తుంది. అది పెట్టగానే 200లో 120 పోయి 80 మిగులుతాయి. 80 యూనిట్లకు ఖర్చు 214 రూపాయల 50 పైసలు. అంటే మొదటి కిలోవాట్ నెలకు 650 రూపాయలు ఆదా చేసింది. రెండో కిలోవాట్ పెట్టినా ఆ ఇంటికి కొత్తగా మిగిలేది ఆ 214 రూపాయలే. ఎందుకంటే సోలార్ ముందు కోసేది పైస్లాబులో ఉన్న ఖరీదైన యూనిట్లను. తర్వాత కిందికి, చవక యూనిట్ల మీదికి దిగుతుంది. ఈ లెక్క ఏ కరపత్రంలోనూ ఉండదు.

మరి ఏసీ ఉన్న ఇల్లు, నెలకు 300 యూనిట్లు వాడేది? దానికి యూనిట్ల ఖర్చే 1,673 రూపాయలు. వాళ్లకు 2 కిలోవాట్లు కచ్చితంగా గిట్టుతుంది. ఎండాకాలపు బిల్లు చూసి మూడోది ఆలోచించుకోవచ్చు. 60 యూనిట్లు వాడే ఇంటి ఖర్చు 147 రూపాయలు. ఆ ఇంటివారు అప్పుచేసి సోలార్ పెట్టాల్సిన పనిలేదు. ఈ మాట మేం బాహాటంగానే చెబుతున్నాం. ఊరంతా సోలార్ అని బోర్డు కట్టుకోవడం కోసం ఎవరినీ అప్పులోకి దింపొద్దు. మిగిలిన కరెంటు అమ్ముకుని సంపాదించొచ్చని ఏజెంటు చెబుతాడు. గ్రిడ్‌కు ఇచ్చిన మిగులు యూనిట్లకు ధర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది, ఏజెంటు కాదు.

ఒక్కో కిలోవాట్ చొప్పున విడిగా కొంటే ధర కొంచెం ఎక్కువే పడుతుంది. చిన్న పనికి మనిషిని, బండిని పంపడం వెండరుకు గిట్టదు. ఒకే వీధిలో ఇరవై ఇళ్లకు ఒకే వారంలో బిగించే పని దొరికితే మాత్రం చిన్న సెట్టయినా ధర దిగుతుంది. లారీ ఒకటే, కూలీలు ఒకటే, డిస్కం ఆఫీసు చుట్టూ తిరిగే తిరుగుడు ఒకటే. గుంపు కొనుగోలులో కిటుకు అంతా ఇంతే.

దీన్ని మనమే కనిపెట్టలేదు. 2009లో అమెరికాలో పోర్ట్‌లాండ్ అనే నగరంలో ఒక పేటవాళ్లు ఇదే చేశారు. సోలార్ మంచిదని అందరికీ తెలుసు, ఎవరిని నమ్మాలో, ఎంత ఇవ్వాలో తెలియదు. వాళ్లలో వాళ్లే కమిటీ వేసుకుని, కాంట్రాక్టర్ల దగ్గర ధరలు పిలిచి, ఒకరిని ఎంచుకుని, చేరినవాళ్లందరికీ ఒకే ధర పెట్టించారు. తర్వాత ఆ పద్ధతి ఆ దేశంలో చాలా ఊళ్లకు పాకింది. గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి గ్రామంలో 2016లో ఆరుగురు రైతులు సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకుని, తోడుకోగా మిగిలిన కరెంటును డిస్కంకు అమ్మారు. అంతదూరం ఎందుకు, తెలుగునాట సిరిసిల్లలో 1970లోనే కరెంటు సరఫరా సహకార సంఘం పెట్టారు. సెస్ అంటే అక్కడ చిన్నపిల్లవాడికీ తెలుసు. కరెంటు స్తంభాలు, తీగలు, బిల్లులు ఒక సహకార సంఘం చూసుకోగలిగినప్పుడు, ఇరవై ఇళ్లకు ప్యానెళ్లు కొనడం మనకు బ్రహ్మవిద్యా?

పూర్తిగా సోలార్ అయిన ఊళ్లు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో 480 ఇళ్లకు ఒక్కోదానికి 3 కిలోవాట్లు బిగించారు. కేంద్ర సబ్సిడీకి తోడు ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధులు ఇచ్చింది. అది ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిగారి ఊరు. మన రాష్ట్రంలో నారావారిపల్లెలో ఇంటింటికీ పెట్టారు. అది ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారి ఊరు. మన ఊళ్లో ముఖ్యమంత్రి పుట్టలేదు. ముఖ్యమంత్రి కూర్చునే సచివాలయం మాత్రం మన మండలంలో, వెలగపూడిలోనే ఉంది. ఆ ఊళ్లకు వచ్చినట్లు కంపెనీ డబ్బు మనకు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోలేం. వస్తే వద్దనం.

ఇప్పుడు సంఘంలోనే కొందరు మిత్రులు లేవనెత్తిన ప్రశ్న. "మనం ఛార్జీల భారాల మీద పోరాడాలి గానీ ప్యానెళ్లు కొనిపెట్టడం మన పనా? 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ముగ్గురు ప్రాణాలిచ్చింది ఇందుకా?" అని. అడగాల్సిన ప్రశ్నే. ట్రూ అప్ అని, ఇంధన సర్దుబాటు అని ఎప్పుడో వాడిన యూనిట్లకు ఇప్పుడు వసూలు చేసే పద్ధతి మీద పోరాటం ఆగదు. వ్యవసాయానికి పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు మీద చెయ్యివేస్తే ఊరుకోం. ఇంకా లోతైన మాట కూడా ఉంది. ఎక్కువ బిల్లు కట్టే పెద్ద ఇళ్లన్నీ సోలార్‌కు మారితే డిస్కం ఆదాయం తగ్గుతుంది. ఆ లోటు చివరికి సోలార్ పెట్టుకోలేని పేదఇంటి బిల్లు మీద పడొచ్చు. అందుకనే మేం అంటున్నాం, జాబితా రాసేటప్పుడు ఎస్సీ కాలనీ, ఎస్టీ ఇళ్లు ముందుండాలి. వాళ్లకు ఉచితంగా రావాల్సిన 2 కిలోవాట్లు ఏ నెలకు వస్తాయో అధికారులను నిలబెట్టి అడగాలి. ఉచితం కదా అని నాసిరకం ఇనుము బిగించి పోకుండా, డబ్బులిచ్చి కొనుక్కునే ఇళ్లకు ఏ సరుకు వస్తే అదే రావాలి. రేకుల ఇంట్లో, అద్దె ఇంట్లో ఉన్న కౌలు రైతులకు, కూలీలకు ఈ పథకంలో దారి దొరకడం కష్టం. వాళ్లకోసం అడగాల్సింది ఛార్జీల తగ్గింపునే. ఈ రెండు పనుల్లో ఒకటి చేసి ఇంకోటి వదిలెయ్యలేం.

సంఘం ఒక్క రూపాయి కూడా ముట్టదు. ఇది ముందే గట్టిగా చెబుతున్నాం. అడ్వాన్సు సంఘం నాయకుడి చేతికివ్వడం, కమీషన్ మాట్లాడుకోవడం, ఎవరి బావమరిదికో కాంట్రాక్టు ఇప్పించడం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా మొత్తం కార్యక్రమం అక్కడే చచ్చిపోతుంది. మన ఊళ్లలో సహకార సంఘాలు కొన్ని ఎలా మునిగాయో మీకందరికీ గుర్తుంది. డబ్బు ఎవరి ఖాతాలోంచి వాళ్లే నేరుగా వెండరుకు చెల్లిస్తారు. సంఘం చేసేది జాబితా రాయడం, ధరలు పిలవడం, పని చూడడం.

ధరలు పిలిచే ముందే సరుకు ఏమిటో మనం రాసుకోవాలి. లేకపోతే ఒకడు చవకగా చెప్పి పలచని ఇనుము తెస్తాడు. ప్యానెళ్లు దేశీయంగా తయారైన సెల్స్‌తో చేసినవి కావాలి, అవి కాకపోతే సబ్సిడీ రాదు. ఫ్రేమ్ ఇనుము గాల్వనైజ్ చేసిందై ఉండాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ చుట్టుపక్కల గాలి ఎలా వీచిందో చూశాం కదా. బోల్టు వదులైతే ప్యానెలు ఎగిరి పక్కింటి మీద పడుతుంది. ఎర్తింగ్, పిడుగు తీగ లేని సెట్టు ఒప్పుకోవద్దు. అయిదేళ్లు నిర్వహణ వెండరుదే, అది కాగితం మీద ఉండాలి.

ఫ్రేము ఎత్తు గురించి అక్కచెల్లెళ్లు అడిగిన ప్రశ్న చాలా విలువైనది. డాబా మీద వడియాలు, ఒరుగులు, కారానికి మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి? కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల చోటు పోతుంది. కింద మనిషి నడిచేలా ఎత్తుగా కట్టించుకోవచ్చు, కానీ ఇనుము పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఏజెంట్లు మామూలు ఫ్రేముకు ధర చెప్పి, బిగించేరోజు "ఎత్తు కావాలంటే ఇంకో ఇరవై వేలు" అంటారు. కొటేషన్‌లోనే రెండు ఎత్తులకూ రెండు ధరలు రాయించుకోవాలి. ఎండబెట్టుకునేది ఇంట్లో ఆడవాళ్లు కాబట్టి ఏ ఎత్తు కావాలో వాళ్లనే అడగండి. సంతకం పెట్టేది మగవాళ్లయినా సరే.

కరెంటు పోతే సోలార్ నడుస్తుందనుకుంటున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, సగంమంది పైనే. నడవదు. బ్యాటరీ లేని సెట్టు లైను పోగానే ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా. లైన్‌మన్ స్తంభమెక్కి పనిచేస్తుంటే మన డాబా మీది కరెంటు తీగలోకి పోయి అతని ప్రాణం తీస్తుంది. ఇప్పుడింట్లో ఉన్న బ్యాటరీ ఇన్వర్టర్‌ను అమ్మేయకండి.

రాజధాని పనులతో టిప్పర్లు తిరిగే రోడ్ల పక్కన దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. ప్యానెలు మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది. పొద్దున్నే, లేదా సాయంత్రం చల్లబడ్డాక కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పోయొద్దు. బోరు నీళ్లలో ఉప్పెక్కువైతే తెల్లటి పొర కడుతుంది, గుడ్డతో తుడిచెయ్యాలి. ఇరవై ఇళ్లు కలిస్తే నెలకు రెండుసార్లు కడిగే పని ఊళ్లో ఒక కుర్రాడికి ఇవ్వచ్చు. వయసు పైబడినవాళ్లు నిచ్చెనలెక్కే పని తప్పుతుంది.

ధరలు పిలిచే పద్ధతి ఇది. పోర్టల్‌లో నమోదైన వెండర్లలో కనీసం ముగ్గురి దగ్గర సీలు వేసిన కవర్లలో కొటేషన్లు తీసుకుంటాం. అవి ఆఫీసు గదిలో విప్పం. రచ్చబండ దగ్గర అందరి ముందూ విప్పి, పైకి చదువుతాం. చేరిన ప్రతి ఇంటికీ కిలోవాట్‌కు ఒకే ధర. సర్పంచి ఇంటికైనా, చివరి ఇంటికైనా. డబ్బు మొత్తం ముందే ఇవ్వకుండా, నెట్ మీటరు తిరిగేదాకా కొంత ఆపుకునేలా ఒప్పందంలో రాయిస్తాం. బిగించి పోయి, మీటరు కోసం నెలల తరబడి తిప్పించడం ఇప్పుడు ఎక్కువగా వినబడుతున్న ఫిర్యాదు. డబ్బు కొంత ఆగి ఉంటే వెండరే డిస్కం ఆఫీసుకు పరుగెత్తుతాడు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. మీటరు ఎవరి పేరున ఉంది? మన ఊళ్లలో మూడొంతుల పేచీ ఇక్కడే వస్తుంది. సర్వీసు తాతగారి పేరున ఉంటుంది, ఆయన పోయి పదేళ్లయి ఉంటుంది. ఇల్లు ఇద్దరు కొడుకులు పంచుకుని ఉంటారు. బ్యాంకు ఖాతా కోడలి పేరున. దరఖాస్తులో పేరు, కరెంటు సర్వీసు పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటి కాకపోతే సబ్సిడీ ఆగిపోతుంది. అప్పటికి అప్పు వాయిదా మొదలై ఉంటుంది. పేరు మార్పిడికి మరణ ధ్రువపత్రం, వారసుల ఒప్పుకోలు, ఇంటి పత్రం కావాలి. రాజధాని గ్రామాల్లో కొంతమందికి గ్రామకంఠం ఇళ్ల పత్రాలే సరిగా లేవు. అందుకని ప్యానెళ్ల మాట తర్వాత, పేరు మార్పిడి దరఖాస్తులన్నీ ఒక్కరోజే కట్టకట్టి సెక్షన్ ఆఫీసులో ఇద్దాం. ఒక్కరు వెళ్తే రేపు రమ్మంటారు. యాభైమంది వెళ్తే కుర్చీలు వేస్తారు.

వేదిక పక్కన బల్ల దగ్గర మన కార్యకర్తలు ఇద్దరు పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. గడిచిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు తెచ్చినవాళ్లు చూపించండి. తేనివాళ్లు సర్వీసు నంబరు చెప్పినా చాలు, పాత బిల్లులు తీయించవచ్చు. పేరు రాయించినంత మాత్రాన కొనాలని లేదు, కొటేషన్లు విప్పాక వద్దనుకుంటే వద్దనొచ్చు. మీటరు ఎవరి పేరున ఉందో మాత్రం తప్పకుండా రాయించండి.